చెరువు నిండా ఉన్నది ఒక్క మొక్కేనా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: వృక్షశాస్త్రం

ప్రశ్న: అయ్యా, నేను అమలాపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. మా విద్యార్థులు పంట బోదెల్లోనూ, కొబ్బరితోటల మధ్య ఉన్న పాత చెరువుల్లోనూ తిరిగి యుట్రిక్యులేరియా ఆరియా (నీటిలో తేలుతూ చిన్న తిత్తులతో పురుగులను పట్టి తినే కీటకాహార మొక్క) మొక్కలను చెరువుకు పదేసి చొప్పున తెచ్చారు. వీటిలో జన్యువైవిధ్యం ఎంత ఉందో తెలుసుకోవడానికి మార్కర్లు (డీఎన్ఏలో తేడా చూపే గుర్తులు) తయారు చేసుకోవాలని మా కోరిక. ఖర్చు తక్కువ కనుక ఆర్ఏపీడీ పద్ధతి సరిపోతుందని కొందరు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? (ఒక అధ్యాపకురాలు, అమలాపురం)

జవాబు: అమ్మా, మార్కర్ల సంగతికి వెళ్ళే ముందు మీ ఉత్తరంలోని ఒక మాట దగ్గర కాసేపు ఆగుదాం. "చెరువుకు పదేసి మొక్కలు" అని రాశారు. ఆ పదీ నిజంగా పది మొక్కలేనా? యుట్రిక్యులేరియాకు వేరు ఉండదు. నీటిలో తేలే దాని కాడ ఎక్కడ తెగితే అక్కడ రెండు మొక్కలవుతాయి. గుర్రపుడెక్కను లాగే కొక్కేనికి చిక్కి తెగినా, బాతులు ఈదినప్పుడు తెగినా, కాలువ తూములో నీటి ఒరవడికి తెగినా ఆ ముక్క మరోచోట పెరిగి పసుపు పూలు పూస్తుంది. ఎకరం చెరువు నిండా పరుచుకున్న పచ్చదనమంతా ఒకే విత్తనం నుంచి వచ్చిన ఒకే జీవి కావచ్చు, వంద వేర్వేరు విత్తనాల సంతానమూ కావచ్చు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి మీకు కావలసిన మార్కరు, అన్నిటికన్నా ముందు, ఒక జీవిని మరొక జీవి నుంచి నమ్మకంగా వేరు చేయగలగాలి.

ఈ పనికి ఆర్ఏపీడీ చాలదని నా దృఢమైన అభిప్రాయం. 1990లో వెలుగులోకి వచ్చిన ఆ పద్ధతిలో 10 అక్షరాల ప్రైమరును (డీఎన్ఏకు అతుక్కుని ప్రతి తీయడం మొదలుపెట్టించే చిన్న తునకను) ఎంచుకుని, అది డీఎన్ఏలో ఎక్కడ అతుక్కుంటే అక్కడి భాగాన్ని, డీఎన్ఏకు కోట్ల ప్రతులు తీసే పీసీఆర్‌లో పెంచుతారు. ఉష్ణోగ్రత కొద్దిగా మారినా, యంత్రం మారినా, చేసే మనిషి మారినా బ్యాండ్లు (జెల్ మీద కనిపించే గీతలు) మారిపోతాయన్నది అందరికీ తెలిసిన లోపమే. అది బ్యాండు ఉందో లేదో మాత్రమే చెబుతుంది, కనుక తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి మరో రూపం పొందిన విషమయుగ్మజాన్ని, ఇద్దరి నుంచీ ఒకే రూపం పొందిన సమయుగ్మజం నుంచి వేరు చేయలేము. కీటకాహార మొక్కల విషయంలో వీటికన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఆ ప్రైమరుకు తనవారూ పరాయివారూ అన్న భేదం లేదు. మీ మొక్క తిత్తిలో అరగని నీటిఈగ ఉంటే దాని డీఎన్ఏనూ, గోడకు అంటుకున్న శైవలం ఉంటే దాని డీఎన్ఏనూ అదే శ్రద్ధతో పెంచి, మొక్క బ్యాండ్ల మధ్య నిలబెడుతుంది. అప్పుడు మీరు వైవిధ్యం అని లెక్కపెట్టేది మొక్కల మధ్య తేడా కాకుండా, ఆ పూట అవి తిన్న తిండిలోని తేడా అయ్యే ప్రమాదం ఉంది.

మీకు నేను సూచించేది మైక్రోశాటిలైట్ మార్కర్లను. ఉప్పాడ చీర అంచును ఒకసారి గుర్తు చేసుకోండి. ఒకే బుటా వరుసగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక చీరలో ఒకచోట అది 12 సార్లు, మరో చీరలో అదే చోట 15 సార్లు వచ్చిందనుకుంటే, బుటాలు లెక్కపెట్టి ఏ చీర ఏదో చెప్పవచ్చు. డీఎన్ఏలో కూడా ఒకటి నుంచి ఆరు అక్షరాల చిన్న పదం వరుసగా పునరావృతమయ్యే చోట్లు ఉంటాయి. ప్రతుల తయారీలో అక్కడ తరచుగా తడబాటు జరిగి పునరావృతాల సంఖ్య మారుతుంటుంది కనుక, ఒకే జాతిలోని మొక్కల మధ్య కూడా ఆ తేడా దొరుకుతుంది. ఆ వరుసకు రెండు పక్కలా ఉన్న మారని అక్షరాలకు ప్రైమర్లు తయారు చేసి, మధ్యభాగాన్ని పెంచి పొడవు కొలిస్తే చాలు. తల్లి రూపమూ తండ్రి రూపమూ రెండూ విడివిడిగా కనిపిస్తాయి.

వెనకటికి ఈ చోట్లను పట్టుకోవడానికి డీఎన్ఏను ముక్కలు చేసి, పునరావృతాలున్న ముక్కలను అయస్కాంత పూసలతో ఏరి, బ్యాక్టీరియాలో ప్రవేశపెట్టి, అలా పెరిగిన ఒక్కొక్క ముక్కను చదివేవారు. నెలల తరబడి చేసినా చేతికి కొద్ది గుర్తులే దక్కేవి. ఇప్పుడు ఒక్క మొక్క డీఎన్ఏను బయటి సేవాసంస్థకు పంపి పైపైన చదివించుకుంటే, కంప్యూటరే వేల చోట్లను ఏరి ఇస్తుంది. ఇక్కడ యుట్రిక్యులేరియా మనకు చేసే ఉపకారం ఒకటుంది. 2013లో 'నేచర్' పత్రికలో వెలువడిన యుట్రిక్యులేరియా గిబ్బా జన్యురాశి పొడవు సుమారు 8.2 కోట్ల అక్షరాలు మాత్రమే. మన వరి జన్యురాశి సుమారు 39 కోట్లు. ఒక్కోటి 150 అక్షరాల చొప్పున కోటి ముక్కలు చదివిస్తే 150 కోట్ల అక్షరాలు వస్తాయి. అవి వరిని నాలుగుసార్లు కూడా పూర్తిగా కప్పవు కానీ, గిబ్బాను దాదాపు 18 సార్లు కప్పుతాయి. అయితే ఆ ప్రజాతిలో అన్ని జాతుల జన్యురాశులూ ఒకే పొడవు కావు గనుక, ఆరియా పొడవును ముందుగా ఫ్లో సైటోమెట్రీతో (కణంలో డీఎన్ఏ ఎంత ఉందో కొలిచే పద్ధతితో) కొలిపించి, ఎంత చదివించాలో ఆ తరువాత నిర్ణయించుకోండి. జన్యురాశి కుదించుకుపోయిన మొక్కల్లో పొడవైన పునరావృతాలు అరుదుగా దొరకవచ్చు కాబట్టి, మొదటే ఎక్కువ చోట్లను ఎంచుకోవడం మంచిది.

ఎంపికలో రెండక్షరాల పదాలకన్నా మూడు, నాలుగు అక్షరాల పదాలకు మొగ్గు చూపండి. రెండక్షరాల చోట్ల పీసీఆర్ ఎంజైమే తడబడి, పొడవు కొలిచే యంత్రం గీసే గ్రాఫులో అసలు శిఖరం పక్కన నీడల్లాంటి చిన్న శిఖరాలను పుట్టిస్తుంది. వాటిని చదవడంలో కొత్త విద్యార్థులు చాలా పొరపాట్లు చేస్తారు. ప్రైమర్లు 18 నుంచి 25 అక్షరాల లోపు, ఉత్పత్తి 100 నుంచి 300 అక్షరాల లోపు ఉండేలా చూసుకోండి. ఎంచుకున్న ప్రతి వరుసనూ డీఎన్ఏ వరుసల భాండాగారమైన జెన్‌బ్యాంకులో పోల్చి, శైవలాలకో, నీటిఈగలకో, బ్యాక్టీరియాకో దగ్గరగా ఉన్నదాన్ని అక్కడికక్కడే తీసిపారేయండి. ఈ ఒక్క మెట్టును వదిలేసినందుకు నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో తిత్తులతో సహా మొక్కను రుబ్బి డీఎన్ఏ తీశాను. తయారైన ప్రైమర్లలో కొన్ని, కొన్ని చెరువుల మొక్కల్లో చక్కగా పనిచేసి, మరికొన్ని చెరువుల మొక్కల్లో అసలు పనిచేయకపోతే, అదంతా గొప్ప భౌగోళిక వైవిధ్యమని మురిసిపోయాను. చివరికి పూలకాడల నుంచి విడిగా డీఎన్ఏ తీసి చూసినప్పుడు ఆ ప్రైమర్లలో ఒక్కటీ పనిచేయలేదు. అవన్నీ తిత్తుల్లోని శైవలానివి. మీ విద్యార్థులకు నా మనవి ఒక్కటే: నీటిపైకి లేచిన పూలకాడను కోయండి, శుభ్రమైన నీటితో కడగండి, తిత్తుల జోలికి పోకండి. పూలు లేని కాలమైతే కాడ చివరి లేత భాగాన్ని తీసుకుని, భూతద్దం కింద తిత్తులన్నీ గిల్లేయండి.

ఖర్చు విషయానికి వస్తే, ప్రతి ప్రైమరుకూ విడిగా రంగు అద్దించడమే అన్నిటికన్నా భారం. దానికి మంచి ఉపాయం ఉంది. ప్రతి జతలో ఒక ప్రైమరుకు ఎం13 అనే 18 అక్షరాల తోక తగిలించి, రంగు అద్దిన ఎం13 ప్రైమరును ఒక్కదాన్నే కొనుక్కుంటే, అదే అన్ని జతలకూ పనికొస్తుంది. ముందు దూరదూర చెరువుల నుంచి తెచ్చిన ఎనిమిది మొక్కలపై పరీక్షించి, తేడా చూపని జతలను పక్కనబెట్టి, మిగిలినవాటితోనే ముందుకు వెళ్ళండి. ఒకే మొక్కలో రెండుకు మించి శిఖరాలు కనిపిస్తే అది బహుస్థితికత (క్రోమోజోముల సమితులు రెండుకు మించి ఉండటం) కావచ్చు, మాలిన్యమూ కావచ్చు. తేల్చుకోకుండా ఆ గుర్తును లెక్కలోకి తీసుకోవద్దు.

ఎన్ని గుర్తులు కావాలన్నది మీరు అడగలేదు గానీ, తప్పక అడగవలసినది. ఒక్కో గుర్తులో రెండు వేర్వేరు మొక్కలు యాదృచ్ఛికంగా ఒకేలా కనిపించే అవకాశం అయిదింట ఒకటి అనుకుందాం. ఒక్క గుర్తునే నమ్ముకుంటే మోసపోతాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎనిమిది గుర్తులు కలిస్తే ఆ అవకాశం 3,90,625లో ఒకటికి పడిపోతుంది. అప్పుడు రెండు నమూనాలు ఎనిమిదింటిలోనూ కలిస్తే అవి ఒకే క్లోను (ఒకే మొక్క నుంచి తెగి పెరిగినవి) అని ధైర్యంగా చెప్పవచ్చు. నమూనాల్లో పదింట ఒకటి చొప్పున మొదటి నుంచి మళ్ళీ చేసి, మీ చదువులో తప్పు ఎంత దొర్లుతున్నదో కూడా తెలుసుకోవాలి. లేకపోతే ఒక్క అంకె తప్పు చదివినందుకు ఒక క్లోను రెండు మొక్కలైపోతుంది. క్లోన్లు తేలిన తరువాత ఒక్కో క్లోను నుంచి ఒక్క నమూనానే ఉంచి, జన్యు రూపాల నిష్పత్తి నిలకడగా ఉందా అని చూసే హార్డీ-వైన్‌బర్గ్ సమతౌల్యం లాంటి లెక్కలు వేయండి. అంతకుముందు వేస్తే, ఒకే మనిషి పేరును ఓటరు జాబితాలో నలభై సార్లు రాసి ఊరి జనాభా లెక్కించినట్టు ఉంటుంది.

ఇక ఎక్కడెక్కడ సేకరించాలి? ఈ విషయంలో మీ ప్రాంతానికి ఉన్న అదృష్టం చాలామందికి లేదు. గౌతమి, వసిష్ఠ పాయలు డెల్టాను మూడుగా చీల్చాయి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు డెల్టాకు ధవళేశ్వరం నుంచి, కోనసీమ ఉన్న మధ్య డెల్టాకు బొబ్బర్లంక నుంచి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం నుంచి కాలువలు నడుస్తున్నాయి. ఒకే కాలువ కింద ఎన్నో ఊళ్ళ చెరువులు నీటితో కలిసి ఉంటాయి. పాయకు అవతల కూతవేటు దూరంలో ఉన్న చెరువుకు మాత్రం వేరే తలుపు నుంచి నీరు వస్తుంది. మొక్క ముక్కలు కాలువ నీటితో ప్రయాణిస్తున్నాయంటే ఒకే క్లోను కాలువ వెంట పది ఊళ్ళలో కనిపించి, పాయ దాటగానే మాయం కావాలి. నీటిపక్షులు మోసుకుపోతున్నాయంటే ఈ హద్దులేవీ కనిపించకూడదు. మూడు డెల్టాల్లోనూ ఎగువ, మధ్య, దిగువ చెరువులను ఎంచుకుని, చెరువుకు 30 నమూనాలు, ఒకదానికొకటి రెండేసి మీటర్ల దూరంలో, దూరాలు రాసుకుంటూ తీయండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి, సార్వాకు నీళ్ళు వదిలాక మరొకసారి తీస్తే, ఎండిన బోదెలోకి మళ్ళీ వచ్చినది పాత క్లోనో, విత్తనం నుంచి మొలిచిన కొత్తదో కూడా తెలుస్తుంది. దిగువన సముద్రం దగ్గరి మడ అడవుల ఉప్పునీటిలో వెదకి శ్రమపడవద్దు.

ఒక చెరువులో వాడిన వలనూ చెప్పులనూ కడగకుండా మరో చెరువులో దిగవద్దని విద్యార్థులకు గట్టిగా చెప్పండి. వలకు చిక్కిన అంగుళం ముక్క చాలు, మీ పరిశోధనే ఆ క్లోనును పక్క ఊరికి చేర్చేస్తుంది. సేకరణకు ముందు ఊరి జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి తెలపండి. నమూనాలను గానీ డీఎన్ఏను గానీ విదేశానికి పంపవలసి వస్తే, 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి.

ప్రశ్న: మా చేపల చెరువులో పసుపు పూల నాచు ఒకటి పడుతోంది. దానికి చిన్న చిన్న సంచులున్నాయి. అది చేపపిల్లలను తింటుందని మా అబ్బాయి అంటున్నాడు. ఎన్నిసార్లు లాగేసినా మళ్ళీ వస్తోంది. నిజమేనా? (ఒక రైతు, భీమవరం దగ్గర)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే, అయితే కొద్దిమేరకే. పై జవాబులో చెప్పిన యుట్రిక్యులేరియా బంధువర్గమే అది. ఆ సంచులు లోపలి నీటిని బయటికి తోడేసి గోడలు లోపలికి నొక్కుకుని కాచుకు కూర్చుంటాయి. మూతి దగ్గరి రోమానికి ఏదైనా తగిలితే తలుపు లోపలికి తెరుచుకుని, సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ కాలంలో నీటితో పాటు ఆ ప్రాణినీ పీల్చేస్తుంది. సంచి ఆవగింజంతే కనుక దానికి చిక్కేవి నీటిఈగలు, దోమపిల్లలు, అప్పుడే గుడ్డు నుంచి బయటపడిన సన్నటి చేపపిల్లలు. వేలెడు పిల్లలను వదిలే చెరువులో వాటికి దీని వల్ల భయం లేదు. స్పాన్ (అప్పుడే పుట్టిన చేపపిల్లలు) పెంచే నర్సరీ చెరువైతే మాత్రం ముందుగా తీసేయండి. మళ్ళీ రావడానికి కారణం, లాగేటప్పుడు తెగిన ముక్కలు నీటిలోనే ఉండిపోవడం. నెమ్మదిగా ఒడ్డుకు చుట్టి తెచ్చి, గట్టు మీద పూర్తిగా ఎండబెట్టండి. మురుగు కాలువలో పారేస్తే దిగువ చెరువులకు చేరుతుంది. తీసేముందు పక్క ఊరి కళాశాల వారెవరైనా నమూనా అడిగితే నాలుగు కాడలు ఇవ్వండి. మందు కొట్టని చెరువు నుంచి వచ్చిన నమూనా వారికి ఎంతో విలువైనది.

ప్రశ్న: నేను కాకినాడలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మెట్ట ప్రాంతంలో తేమగా ఉన్న ఇసుక నేల నుంచి డ్రాసెరా మొక్కలు తెచ్చి డీఎన్ఏ తీశాను. గొట్టం అడుగున గోధుమరంగు జిగురు ముద్ద మిగులుతోంది. పిపెట్‌తో తీస్తే తీగలా సాగుతోంది. ఒక్క పీసీఆర్ కూడా పనిచేయడం లేదు. నా తప్పేమిటి?

జవాబు: తప్పు నీది కాదు, బాబూ, ఆ మొక్క స్వభావమే అంత. డ్రాసెరా ఆకు మీది ప్రతి రోమం చివరా మెరిసే బొట్టు పురుగును పట్టడానికి తయారైన చక్కెరల జిగురు. అది డీఎన్ఏతో పాటే ఆల్కహాలులో ముద్దకట్టి అడుగున చేరుతుంది. నువ్వు చూసిన సాగే తీగ అదే. గోధుమరంగుకు కారణం ఫినాల్ పదార్థాలు. మన చిత్రమూలం వేరులో ఉండే ప్లంబాజిన్ ఈ మొక్కలోనూ ఉంటుంది. ఆకు నలగగానే ఫినాళ్ళు గాలి తగిలి నల్లబడి డీఎన్ఏకు అతుక్కుంటాయి, పీసీఆర్ ఎంజైమును పనిచేయనివ్వవు.

ఆకును తెచ్చిన వెంటనే, దాని బరువుకు పదింతలు సిలికా జెల్ ఉన్న సంచిలో వేసి ఒక్క రోజులో ఎండనివ్వు. నెమ్మదిగా ఎండిన ఆకు సగం చెడినట్టే. జిగురు బొట్లు పెరిగిన ఆకులను వదిలేసి, ఇంకా చుట్టుకుని ఉన్న లేత ఆకునో, పూలకాడనో తీసుకో. లేత ఆకు ఇంకా ఏ పురుగునూ పట్టి ఉండదు కాబట్టి పురుగు డీఎన్ఏ బెడద కూడా తప్పుతుంది. సీటీఏబీ (కణాలను కరిగించే డిటర్జెంటు) ద్రావణంలో పీవీపీ (ఫినాళ్ళను పట్టుకునే పొడి) కలుపు, బీటా మెర్కాప్టోఇథనాల్‌ను వాడే రోజునే చేర్చు, ఆ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యి. క్లోరోఫాం కడుగుడు ఒక్కసారితో ఆపకుండా, మధ్యపొర తెల్లగా కనిపించడం మానేదాకా చెయ్యి. డీఎన్ఏను ముద్దకట్టించే ముందు ఉప్పు గాఢతను 2 మోలార్ దాటించు. అప్పుడు చక్కెరలు చాలావరకు ద్రావణంలోనే ఉండిపోయి డీఎన్ఏ ఒక్కటే కిందికి దిగుతుంది. స్పెక్ట్రోఫోటోమీటరులో ప్రోటీను మాలిన్యాన్ని చూపే 260/280 నిష్పత్తి 1.8 చూసి సంతోషించవద్దు. 260/230 నిష్పత్తి 2కు దగ్గరగా లేకపోతే జిగురు ఇంకా మిగిలినట్టే. అప్పటికీ పీసీఆర్ రాకపోతే డీఎన్ఏను చిక్కబరచవద్దు, పలచబరచు: పదింతలు, యాభై ఇంతలు. ఆటంకపరిచే పదార్థం పలచబడి, పీసీఆర్‌కు చాలినంత డీఎన్ఏ మిగులుతుంది. నా అనుభవంలో సగం గొట్టాలు ఈ ఒక్క ఉపాయంతోనే దారికొచ్చాయి.

మరొక మాట. మన దేశంలోని మూడు డ్రాసెరా జాతుల్లో బర్మానై, ఇండికా రెండూ ఆంధ్రలో ఉన్నాయి. నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుంటే బర్మానై, సన్నటి ఆకులతో నిలువుగా పెరిగితే ఇండికా. రెండింటినీ ఒకే సంచిలో కలపవద్దు. బర్మానై తన పుప్పొడితోనే విత్తనం కట్టగలదు కనుక, మార్కర్లలో సమయుగ్మజాలు ఎక్కువగా కనిపిస్తే ప్రైమరు చెడిందని తొందరపడకు. ముందు తల్లి మొక్కనూ దాని విత్తనాల నుంచి వచ్చిన మొలకలనూ పక్కపక్కన పరీక్షించి చూడు. తల్లిలో ఉన్న రూపం మొలకల్లో అసలు కనిపించకపోతేనే ప్రైమరును అనుమానించు. ఇంకొక విన్నపం: ఏడాదిలోనే జీవితం ముగించే మొక్క కదా, విత్తనం రాలకముందే మొత్తం మొక్కను పీకితే వచ్చే ఏడాదికి అక్కడ ఏమీ మిగలదు. ఒక్క ఆకు చాలు.

ప్రశ్న: అమెరికా కూజామొక్క సర్రసీనియాకు మైక్రోశాటిలైట్ మార్కర్లు ఉన్నాయట. అవే ప్రైమర్లను మేఘాలయ నెపంథిస్‌కు వాడవచ్చా? రెండూ కూజా మొక్కలే కదా. (ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: వాడలేము, అమ్మా. కూజా ఆకారం రెండింటికీ విడివిడిగా వచ్చింది. సర్రసీనియా తేయాకు ఉన్న ఎరికేలిస్ క్రమానికి చెందినది. నెపంథిస్ మన తోటకూర ఉన్న కారియోఫిల్లేలిస్ క్రమానిది, అంటే డ్రాసెరాకు దగ్గర. ప్రైమరు అతుక్కునే పక్క అక్షరాలు ఒకే ప్రజాతిలోని దగ్గరి జాతుల్లో చాలావరకు మారకుండా ఉంటాయి. అందుకే 2010 ప్రాంతంలో సర్రసీనియాకు తయారైన ప్రైమర్లు ఆ ప్రజాతిలోని ఇతర జాతుల్లోనూ పనికొచ్చాయి. క్రమమే మారితే ఆశ పెట్టుకోకూడదు. మేఘాలయ కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే నెపంథిస్ ఖాసియానాకు దాని సొంత డీఎన్ఏ నుంచి గానీ, మరో నెపంథిస్ జాతి నుంచి గానీ ప్రైమర్లు తయారు చేసుకోవాలి. దానిలో ఆడ, మగ మొక్కలు వేరువేరు. నమూనా తీసేటప్పుడు పూలు చూసి ఏది ఏదో రాసుకోకపోతే, ఆ గుట్టలో విత్తనం కట్టగల మొక్కలు ఎన్ని ఉన్నాయో ఈ మార్కర్లు తరువాత చెప్పలేవు.